గోడకాడి కంకర

పోయినవారం దేవన్నను పద్నాలుగో నంబరు విల్లా గుమ్మం ముందు, చంకలో తువ్వాలు మూటతో నిలబెట్టి వచ్చాను. మూటలో ఏముందో చెప్పకుండా ఆపేశానని కొందరు నన్ను తిట్టుకున్నారట. తిట్టుకోవాల్సిందే. అందులో ఉన్నవి ఖర్జూరాలు కావు, అతని భార్య ఊర్మిల ఊరినుంచి పంపిన సకినాలు కావు. మూటలో కంకర ఉంది. ఎర్రటి ఇటుకముక్కల సన్నకంకర, రెండు కిలోలుంటుందేమో.

కథ ఇక్కడే అందుకున్నవారికి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. సౌదీలో ఖతీఫ్ ఖర్జూర తోటలు దాటి సముద్రం వైపు వెళితే విదేశీ ఉద్యోగులుండే కాంపౌండ్ ఒకటుంది. అందులో బేస్‌బాల్ గ్రౌండ్ ఉంది. ఆ గ్రౌండుకు పచ్చిక పెంచి, నీళ్లు పెట్టి, గీతలు గీసి మూడేళ్లుగా సాకుతున్నవాడు దేవన్న. మెట్‌పల్లి దగ్గరి రైతు. అక్కడ ఆట నేర్పుతున్నవాడు వేన్ కొవల్‌చుక్, కెనడా మనిషి, యాభై ఎనిమిదేళ్లు. ఆ పేరు ఎవరి నోరూ తిరగక అందరూ కోచ్ అనే పిలుస్తారు. గోధుమచేల మధ్య చిన్న ఊళ్లో పుట్టి, పందొమ్మిదో ఏట ఆటనే ఉద్యోగం చేసుకున్నాడు. అవుట్‌ఫీల్డర్. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర కాపలా కాసేవాడి లాంటివాడే, కాకపోతే వీళ్లకు వెనక తాడు ఉండదు, గోడ ఉంటుంది. పన్నెండేళ్లు చిన్న లీగుల్లో బస్సుల వెంట తిరిగి ఆడితే, పెద్ద లీగులో ఆడగలిగింది పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిది రోజుల్లో గోడ మీదికి ఎగిరి పట్టిన ఒక్క క్యాచ్ తాలూకు పేపరు ముక్క ఇప్పటికీ అతని పర్సులో ఉంది. ముప్పై ఒకటో ఏట టీము ఇక వద్దంది. మర్నాటినుంచే కోచ్ అయ్యాడు. ఆడనివ్వకపోతే నేర్పుతా, ఏం చేస్తారో చేసుకోండి అన్న మొండితనం అది.

ఇక కంకర సంగతి. గోడ ముందు కొన్ని అడుగుల వెడల్పున పచ్చిక పెంచకుండా కంకర పట్టీ వదులుతారు. బంతి వైపే చూస్తూ వెనక్కి పరుగెత్తేవాడికి గోడ కనిపించదు కదా. కాలికింద పచ్చిక పోయి కంకర గరగరలాడగానే, గోడ మూడు అంగల్లో ఉందని పాదమే చెబుతుంది. ఈ ముక్క దేవన్నకు ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు రోజూ దువ్విన పట్టీ దేనికుందో అతనికి తెలియదు. గ్రౌండు మనిషికి ఆట ఎందుకు చెప్పాలి అనుకునేవాళ్లే ఎక్కడ చూసినా.

అతనికి తెలిసింది కంటితో చూసింది మాత్రమే. కోచ్ రోజూ ఆ పట్టీ మీద నడుస్తూ బూటుతో కంకరను కెలికేవాడు. గరగర సరిగా ఉందో లేదో చూసుకునేవాడు. రాళ్లంటే ఆయనకు చిరాకు కాబోలు అనుకున్నాడు దేవన్న. ఒకరోజు ఫిలిప్పీన్స్ ఆటగాడొకడు కుడిమూలలో జారిపడితే, మోచేతిలో దిగిన రాళ్లను కోచ్ పట్టకారుతో ఒక్కొక్కటే తీశాడు. అది చూసి దేవన్న ప్రాణం చివుక్కుమంది. కోచ్ పనిమీద రియాద్ వెళ్లిన రెండు రోజుల్లో, కుడిమూలన ముప్పై గజాల మేర కంకరంతా జల్లెడ పట్టి తీసేశాడు. నీళ్లు చల్లాడు. దిమ్మిస కొట్టాడు. ఊళ్లో వడ్లు నూర్చడానికి కల్లం ఎలా చేస్తారో అలా, కాలు పెడితే మెత్తగా జారేంత నున్నగా చేసిపెట్టి, సారు చూసి సంతోషిస్తాడని ఎదురుచూశాడు.

కోచ్ వచ్చాడు. వచ్చిన సాయంత్రమే నేరుగా ఆటలోకి దిగాడు. వెనక్కి పరుగెత్తి క్యాచ్ ఎలా పట్టాలో చూపిస్తానని కుడిమూలకే పరుగెత్తాడు. పాదం ఏమీ చెప్పలేదు. గోడకు గుద్దుకున్నాడు. ఎడమ భుజం విరిగింది, తుంటి దెబ్బతింది.

ఇంతవరకు పొరపాటు. తర్వాత జరిగింది పొరపాటు కాదు. అంబులెన్స్ గేటు దాటకముందే సూపర్‌వైజర్ దిలావర్ పరుగున వచ్చి, తీసిన కంకరంతా మళ్లీ దేవన్న చేతే పోయించాడు. అది గోడ జాడ చెప్పడానికని దేవన్నకు తెలిసింది అప్పుడే. మర్నాడు విచారణకు వచ్చినవాళ్లకు అన్నీ సవ్యంగా కనిపించాయి. ఫోటోలు తీసుకున్నారు. గ్రౌండులో లోపం లేదన్నారు. షుగరున్న మనిషి, పాదాలు మొద్దుబారి ఉండొచ్చు అన్నాడు డాక్టరు. ఆ 'ఉండొచ్చు'ను కోచ్ 'ఉన్నాయి' అని చదువుకున్నాడు. ఆస్పత్రినుంచి వచ్చాక మళ్లీ గ్రౌండులో అడుగు పెట్టలేదు. దెబ్బ తగిలి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. సాయంత్రం అతను శాశ్వతంగా ఇంటికి వెళ్లిపోతున్నాడు.

పొద్దున ఫోన్లో ఊర్మిలకు దేవన్న అంతా చెప్పుకున్నాడు. చెబితే నన్ను ఇంటికి తోలుతరేమో అన్నాడు. దానికి ఊర్మిల, "తోలితే రా. ఇద్దరం కలిసి మక్కచేను జేసుకుందం. గని ఆ పెద్దమనిషి కాళ్లు ఆయనకు ఇచ్చి రా" అంది. అందుకే మూటతో ఇవాళ గుమ్మందాకా వచ్చాడు.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం. తలుపు తీసింది కోచ్ కాదు. దిలావర్.

విల్లా సామాను సరిచూసి తాళాలు తీసుకోవడానికి వచ్చాడతను. దేవన్నను చూడగానే తలుపు సగం మూశాడు.

"నీకేం పనప్పా ఈడ?"

"కోచ్ సారును కలుస్త భాయ్."

"ఆయన సామాన్లు సర్దుకుంటాండాడు. ఐదింటికి కారొస్తాది. నువ్వొచ్చి పోయినావని నేను చెప్తాలే."

"నేను చెప్పే ముచ్చట వేరే ఉంది."

దిలావర్ చూపు మూట మీదికి పోయింది. తువ్వాలు సందులోంచి ఎర్రటి పొడి మెట్టు మీద రాలుతోంది. ఇంక ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"దేవన్నా, నీకు దండం పెడతా. ఇంగ రెండు గంటలు. ఆయన దావన ఆయన పోతాడు, మన దావన మనముంటాం. ఇప్పుడు నోరిప్పినావంటే నీకూ ఖురూజే, నాకూ ఖురూజే, ఇద్దర్నీ ఇంటికి తోలేస్తారు. ఆపొద్దు గ్రౌండు సరిగ్గా ఉండాదని షీటు మీద సంతకం పెట్టినోణ్ణి నేను."

"నీ పేరు నేనెందుకు తీస్త? తీసింది నేను, మళ్ల పోసింది నేను."

"పోయమనింది ఎవరప్పా?"

దేవన్న మూట ముడి మళ్లీ బిగించాడు.

దిలావర్‌ను ఇక్కడే తిట్టేసి చేతులు దులుపుకోవద్దని మనవి. కడప మనిషి, ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట రియాద్‌లో సులై దగ్గర వర్క్‌షాపు మూతబడినప్పుడు, నివాసపు అనుమతి ఇకామా గడువు తీరిపోయి, పని లేక, బయటికొస్తే పట్టుకుంటారని భయపడుతూ ఏడు నెలలు క్యాంపులో నక్కి ఉన్న మనుషుల్లో దేవన్న ఒకడు. ఆ క్యాంపుకు నీళ్ల ట్యాంకరు తోలుకొచ్చేవాడు దిలావర్. తెలుగు మాట వినబడిందని ఆగాడు. ఆగినవాడు వదిలిపెట్టలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి, పూచీపడే కొత్త కఫీల్‌ను ఒప్పించి, దేవన్నకు మళ్లీ ఒక ఇకామా, ఒక మంచం, ఒక పని ఇప్పించాడు. ఆ తర్వాత తనకు సూపర్‌వైజర్ పని దొరికితే వెంట తెచ్చుకున్నాడు. ఆ రోజు షీటు మీద గ్రౌండు చూడకుండా కారులోంచే సంతకం పెట్టాడంటే, చూడాల్సిన అవసరం లేదనుకున్నాడు. దేవన్న చేసిన పనిని అతను ఏనాడూ తనిఖీ చేయలేదు.

"నిన్ను నమ్మి పెట్టినానప్పా సంతకం" అన్నాడు దిలావర్, గొంతు బాగా తగ్గించి.

ఈ మాటకు దేవన్న ఒక మెట్టు దిగాడు. తిరిగి వెళ్లిపోయేవాడేమో. కానీ లోపలినుంచి కోచ్ గొంతు వినిపించింది.

"దేవ్? ఈజ్ దట్ దేవ్? కమ్ ఇన్, కమ్ ఇన్!"

హాల్లో రెండు సూట్‌కేసులు నిలబెట్టి ఉన్నాయి. గోడలమీద ఫోటోలు తీసేసిన చోట్ల తెల్లటి చతురస్రాలు మిగిలాయి. కోచ్ ఎడమచేతికి కట్టు, కుడిచేతిలో ఊతకర్ర. ఇరవై మూడు రోజుల్లో మనిషి సగమైపోయాడు. దేవన్నను చూసి లేవబోయి, లేవలేక నవ్వాడు. ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. దేవన్న కూర్చోలేదు.

కోచ్ నెమ్మదిగా ఏదో చెప్పాడు. దేవన్నకు వచ్చిన ఇంగ్లీషు గ్రౌండువరకే. గ్రాస్, వాటర్, లైన్, బాల్, వాల్, స్టోన్, రన్, గుడ్, నో గుడ్. అందుకని దిలావర్ వైపు చూశాడు. దిలావర్ కిటికీ వైపు చూస్తూ తెలుగులో చెప్పాడు.

"నలభై ఏండ్లల్లో ఎన్నో గ్రౌండ్లు చూసినాడంట. నీ మాదిరి గ్రౌండు చూసుకునేవాణ్ణి చూల్లేదంట. విచారణ అనేసరికి నువ్వేమన్నా మనసులో పెట్టుకున్నావేమోనని బాధపడినాడంట." కాస్త ఆగాడు. "నీ తప్పేం లేదంట. ఆయన కాళ్లదే తప్పంట."

దేవన్న కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తప్పు చేసినవాణ్ణి తిడితే తట్టుకుంటాడు. కొట్టినా తట్టుకుంటాడు. దెబ్బ తిన్న మనిషే ఓదారిస్తే ఎలా తట్టుకోవడం? మూటను రెండు చేతులతో గుండెకు అదుముకుని, ఇరవై మూడు రోజులుగా మనసులో వల్లె వేసుకున్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"సారూ, మీ కాళ్లకు ఏం గాలే. గోడకాడి కంకర నేనే తీసిన. మనుషులు పడితే రాళ్లు గుచ్చుకుంటున్నయని జల్లెడ వట్టి తీసిన. నీళ్లు జల్లి దిమ్మిస గొట్టి కల్లం లెక్క చేసిన. అది ఎందుకున్నదో నాకు ఎర్కలేదు సారూ. మీరు పడ్డంక మళ్ల పోసిన. అదే నేను జేసిన పాపం. మీ కాళ్లు మంచిగున్నయి. మీ కాళ్లు అబద్ధమాడలే, నేను ఆడిన."

కోచ్ అర్థంకాక దిలావర్ వైపు చూశాడు. దిలావర్ ఇంగ్లీషులో రెండే రెండు వాక్యాలు చెప్పాడు.

దేవన్న చెప్పింది అంత పొడుగు. దిలావర్ చెప్పింది ఇంత పొట్టి. పైగా దేవన్న చెవులు ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాయి, ఆ మాట అతనికి వచ్చు. వాల్. అది దిలావర్ నోట రాలేదు.

కోచ్ ముఖం మెత్తబడింది. టేబుల్ మీదున్న పాత తోలు గ్లవ్‌ను ఒంటిచేత్తో అందుకున్నాడు. పన్నెండేళ్లు ఆడిన గ్లవ్ అది, చెమటకు నల్లబడి, వేళ్ల దగ్గర కుట్లు రెండుసార్లు మార్చింది. దాన్ని దేవన్న వైపు చాచాడు. తీసుకో అన్నట్టు తల ఊపాడు.

"భాయ్, సారుకు ఏం జెప్పినవ్?"

గ్లవ్ తీసుకోమని దిలావర్ చేత్తో సైగ చేశాడు.

"ఏం జెప్పినవ్ భాయ్?"

"నువ్వు ఆయన్ని శానా గుర్తు చేసుకుంటావని చెప్పినా" అన్నాడు దిలావర్. "ఆయన పోతాంటే నీకు ఏడుపొస్తాందని చెప్పినా. అబద్ధమా?"

అబద్ధం కాదు. అదే దేవన్నకు ఎక్కడలేని కోపం తెప్పించింది. నాలుగేళ్లలో దిలావర్ మీద అతనికి కోపం రావడం ఇదే మొదటిసారి. ఇక ఎవరి నోరూ అరువు తెచ్చుకోదలచుకోలేదు. గ్లవ్ ముట్టుకోకుండా నేల మీద చతికిలబడ్డాడు. తువ్వాలు ముడి విప్పాడు.

తెల్లటి గచ్చు మీద ఎర్రటి కంకర పోశాడు. అరచేత్తో చదును చేసి, కోచ్ కుర్చీ ముందు ఒక జానెడు వెడల్పు పట్టీ చేశాడు. సూట్‌కేసును జరిపి పట్టీ వెనక నిలబెట్టి, దాన్ని తట్టి, "వాల్" అన్నాడు. ఇవతలి గచ్చును తట్టి, "గ్రాస్" అన్నాడు. కోచ్ కాలి చెప్పును తానే తీశాడు. కోచ్ వద్దని వెనక్కి లాక్కోబోయాడు, దేవన్న వదల్లేదు. పాదాన్ని రెండు చేతులా పట్టుకుని కంకర మీద పెట్టాడు.

గరగరమంది.

కోచ్ కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. రెండో చెప్పు కూడా వదిలేశాడు. కళ్లు మూసుకుని గచ్చు మీద ఒక అడుగు, కంకర మీద ఒక అడుగు వేశాడు. మళ్లీ గచ్చు మీదికి వచ్చాడు, మళ్లీ కంకర మీదికి వెళ్లాడు. ముప్పై ఏళ్లుగా ఎంతమందికో నేర్పిన పాఠం అది. కళ్లు తెరిచేసరికి అతని చూపులో ఆనందం లేదు, అయోమయం ఉంది. నా కాళ్లు ఇంత బాగా పనిచేస్తుంటే ఆ రోజు ఏమైంది అన్న ప్రశ్న ఉంది.

దేవన్న ఆ ప్రశ్నకే కాచుకుని ఉన్నాడు. కోచ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు. ప్రమాదం జరిగిన తేదీకి రెండు రోజుల ముందు గడి మీద వేలు పెట్టి, "యూ, రియాద్" అన్నాడు. "దేవ్" అని తన గుండె తట్టుకున్నాడు. వచ్చి కంకరంతా రెండు చేతులా పక్కకు ఊడ్చేశాడు. జల్లెడ ఆడించినట్టు చేతులు ఆడించాడు. ఖాళీ గచ్చు మీద నీళ్లు చల్లినట్టు చేసి, పిడికిలితో దిమ్మిస కొట్టినట్టు కొట్టాడు. అరచేత్తో నిమిరి, "నో స్టోన్" అన్నాడు. క్యాలెండరులో ఆ తేదీ చూపించాడు. "యూ, రన్." సూట్‌కేసును పిడికిలితో దబ్బున గుద్దాడు. ఆ వెంటనే గబగబా కంకరంతా మళ్లీ గచ్చు మీదికి తోసి చదును చేశాడు. కెమెరా నొక్కినట్టు వేలు ఆడించాడు. ఫోటో. ఫోటో. ఆ తర్వాత చేతులు జోడించి తల వంచుకున్నాడు. ఇంక చెప్పడానికి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఏమీ మిగల్లేదు.

కోచ్ కంకరను చూశాడు, క్యాలెండరును చూశాడు.

"వై?" అన్నాడు కోచ్.

ఒక్క మాట. ఇది దేవన్నకు తెలుసు. మోచేతి మీద రాళ్లు ఏరినట్టు చూపించాడు, పట్టకారుతో తీసినట్టు. తర్వాత రెండు చేతులతో చేట పట్టుకున్నట్టు పట్టి, గాలికి తూర్పారబట్టినట్టు ఊపాడు. పొట్టు ఒకవైపు, గింజ ఒకవైపు. "మా ఊర్ల కల్లం సారూ. గింజ మన్నుల గలవకుండ నున్నగ జేస్తం. మీ కోసం మంచిగ చేద్దామనుకున్న."

తెలుగు మాటలు కోచ్‌కు అందలేదు, ఆ చేతుల ఊపు అందింది. "వీట్?" అన్నాడు. గోధుమరైతు కొడుకు. వాళ్ల తాత కెనడాకు వలస రాకముందు తన పాతదేశంలో నేల అలికి ధాన్యం తూర్పారబట్టిన ముచ్చట్లు చెప్పేవాడని ఈ కథ మూడో భాగంలో రాశాను. తాత చేతులూ అలాగే ఊగి ఉంటాయి. కోచ్ కట్టు లేని చేత్తో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. పెద్దమనిషి, ఆరడుగుల మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు.

కోపంతో అరుస్తాడని దేవన్న అనుకున్నాడు. అరిచినా బాగుండేది.

కోచ్ ముఖం తుడుచుకుని మాట్లాడాడు. దేవన్న వైపే చూస్తూ, ఒక్కో వాక్యం తర్వాత ఆగుతూ మాట్లాడాడు. దిలావర్ ఈసారి కిటికీ వైపు చూడలేదు. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా చెప్పాడు.

"ఆయన పుట్టిన ఊర్లో గ్రౌండు ఉండాదంట. అక్కడే మొదట ఆట నేర్చుకున్నాడంట. ఆ ఊరి టీముకు కోచ్‌గా రమ్మని డిసెంబర్లో పిలిచినారంట. ఈ ఎండాకాలంనుంచి. ముప్పై ఏండ్లుగా ఆ పిలుపు కోసమే చూసినాడంట."

"మరి పోతున్నడు గద భాయ్, గదే పనికి?"

దిలావర్ ఆ ప్రశ్నను కోచ్‌కు చేరవేయలేదు. జవాబు అప్పటికే విని ఉన్నాడు. "మొన్న ఫోన్ చేసి రానని చెప్పేసినాడంట. గోడ యాడుందో తన కాళ్లకే తెల్డంలేదు, పిల్లోల్లకు ఏం నేర్పిస్తానని. వాళ్లు నిన్న ఇంకొకాయన్ని పెట్టుకున్నారంట." దిలావర్ వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. "అయిపోయిందప్పా. ఇంగ ఆయనకు ఆ పని లేదు."

దేవన్న వేళ్ల మీద లెక్క వేసుకోవాల్సిన పని లేదు. మొన్న. మొన్న పొద్దున ఈ మూట కట్టుకుని బయల్దేరి, గేటుదాకా వచ్చి, భయపడి వెనక్కి వెళ్లాడు. కంకర తీసింది తెలియక. రెండు రోజులు ఆగింది మాత్రం తెలిసే. కోచ్ కాళ్లు ఇచ్చి రమ్మంది ఊర్మిల. కాళ్లయితే ఇచ్చాడు, వాటితో వెళ్లాల్సిన చోటు అప్పటికే పోయింది.

"నన్ను గొట్టుమను భాయ్" అన్నాడు దేవన్న. "ఒక్క దెబ్బ గొట్టుమను."

ఆ మాటను దిలావర్ ఇంగ్లీషులో చెప్పాడో లేదో గాని, కోచ్ గ్లవ్‌ను మళ్లీ అందుకుని దేవన్న ఒళ్లో పెట్టాడు. ప్రేమతో ఇచ్చాడా, ఇక దాన్ని చూడలేక ఇచ్చాడా, ఆ ముఖంలో తెలియలేదు.

అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది ఉమేరా. సేఫ్టీ విభాగంలో పనిచేసే హైదరాబాదు అమ్మాయి, చేతిలో ఫైలు. ప్రమాదం మీద కోచ్ ఇచ్చిన వాంగ్మూలానికి ఆఖరి సంతకం తీసుకుని ఫైలు మూసేయాలని వచ్చింది. గచ్చు మీద కంకర, చెప్పుల్లేని కోచ్, నేలమీద కూర్చున్న గ్రౌండు మనిషి, గోడకానుకుని నిలబడ్డ సూపర్‌వైజర్. అందరినీ ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కాగితం కోచ్ ముందు పెట్టింది.

ప్రమాదానికి కారణం అన్నచోట 'నా పాదాల్లో స్పర్శ తగ్గడం' అని టైపు చేసి ఉంది. కోచ్ పెన్ను తీసుకుని ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు. కింద రెండు వాక్యాలు రాశాడు. సంతకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చాడు. లేచి మళ్లీ కంకర మీదికి వెళ్లి, ఉత్తకాళ్లతో అక్కడే నిలబడ్డాడు.

ఉమేరా చదివింది. కనుబొమలు ముడిచి రెండోసారి చదివింది.

"దేవన్న అంటే మీరేనా?"

"నేనేనమ్మా."

"ఫస్ట్ లైన్‌లో 'నా పాదాలు బాగానే ఉన్నాయి' అని రాశారు సార్. సెకండ్ లైన్‌లో మీ పేరుంది." కాగితాన్ని తన వైపు తిప్పుకుంది. "అది చదివి వినిపించే ముందు నాకు ఒక్క విషయం తెలియాలి. ఇన్‌స్పెక్షన్ షీట్‌లో కంకర ఉందని ఉంది, ఫోటోల్లోనూ ఉంది. మరి తాను పడ్డప్పుడు లేదని సార్ ఇక్కడ రాశారు. యాక్సిడెంట్ తర్వాత మళ్లీ పోయమని మీకు ఎవరైనా చెప్పారా? లేకపోతే మీరే పోశారా? భయపడకండి. కరెక్ట్‌గా చెప్పండి."

దేవన్న దిలావర్ వైపు చూశాడు. దిలావర్ ఏ సైగా చేయలేదు. బతిమాలలేదు. విల్లా తాళాల గుత్తిని రెండు చేతులా పట్టుకుని, సులై క్యాంపు గేటు దగ్గర మొదటిసారి ట్యాంకరు ఆపి దిగిన రోజున చూసినట్టే చూస్తున్నాడు.

నేనే పోశానమ్మా, ఎవరూ చెప్పలేదు అంటే చాలు. ఆ ఒక్క మాటతో దిలావర్ బతికిపోతాడు. దేవన్న నోరు తెరిచాడు. ఇరవై మూడు రోజులు మోసిన అబద్ధాన్ని దింపి పట్టుమని పావుగంట కూడా కాలేదు. ఏమన్నాడో వచ్చేవారం.